సిక్కోలు రోడ్ల మీద నా సెకండ్ హ్యాండ్ సెడాన్

నాది 2014 మోడల్, 1,200 సీసీ పెట్రోల్ సెడాన్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇంజన్‌కి వంక పెట్టలేను. శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా జాతీయ రహదారి 16 మీద ఏసీ వేసుకుని వెళ్లినా టెంపరేచర్ ముల్లు కదలదు.

ఖర్చంతా కింది భాగంలోనే. ఆమదాలవలస వైపు గతుకుల్లో ముందు చక్రాల దగ్గర టకటకమని శబ్దం వచ్చేది. ఒక షాపులో షాక్ అబ్జార్బర్లు మార్చేయాలన్నారు. ఒప్పుకోక మా వీధి మెకానిక్‌కి చూపిస్తే, సస్పెన్షన్‌లోని చిన్న భాగాలు, అంటే లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌లు అరిగాయని తేల్చాడు. చాలా తక్కువలో పోయింది. ఇలాంటి శబ్దం వస్తే ముందు వీటినే చూపించండి.

క్లచ్ మాత్రం పెద్ద ఖర్చే. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్ మూడూ ఒకేసారి మార్పించండి, గేర్‌బాక్స్ దించే కూలీ మళ్లీ పడదు.

థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్‌కి 2022 జూన్ నుంచి ఈ సీసీ కార్లకి ఏడాదికి 3,416 రూపాయలు, జీఎస్టీ అదనం. పదిహేనేళ్లు నిండాక ఆర్సీ రెన్యూవల్ ఉంటుంది, బేరమాడేటప్పుడు గుర్తుంచుకోండి.

ఒడిశా నంబరు బండి చవగ్గా వస్తోందా? ఎన్ఓసీ (అక్కడి ఆర్టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం), ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్కేశాకే అడ్వాన్స్ ఇవ్వండి.