షుగర్ ఫ్రీ కాజు కత్లీ: రుచి బాగుంది, లేబుల్ చూసుకోండి

ఎంవీపీ కాలనీలో ఒక స్వీట్ షాపులో మా నాన్నగారి కోసం షుగర్ ఫ్రీ కాజు కత్లీ పావుకిలో తీసుకున్నా. ముక్క మెత్తగా ఉంది, నోట్లో వేసుకోగానే నాలిక మీద కొంచెం చల్లగా తగుల్తుంది, అది పంచదారకి బదులు వేసే సార్బిటాల్ అనే తీపి పదార్థం వల్ల, పంచదారతో పోలిస్తే తీపి 60 శాతమే కాబట్టి మొహం మొత్తదు, నాన్నగారికి తెగ నచ్చేసింది.

కానీ కౌంటర్‌లో అబ్బాయి "ఎన్ని తిన్నా ఏం కాదు సార్" అన్నాడు, అలా చెప్పకూడదండి. సార్బిటాల్ పేగుల్లోంచి కొంతే ఒంట్లోకి వెళ్తుంది, వెళ్ళినదాన్ని లివర్‌లో సార్బిటాల్ డీహైడ్రోజినేస్ అనే ఎంజైమ్ ఆక్సిడైజ్ చేసి ఫ్రక్టోజ్‌గా మార్చేస్తుంది, అంటే కేలరీలు ఉన్నట్టే, గ్రాముకి 2.6 దాకా, పంచదారకైతే 4. ఎంజైమ్ దాకా చేరనిది పేగుల్లోనే ఉండిపోయి నీళ్ళు లాగుతుంది. నాన్నగారు ఆ మాట నమ్మి ఒకేసారి ఎనిమిది ముక్కలు తిని రాత్రంతా బాత్రూమ్‌కి తిరుగుతూనే ఉన్నారు, పొద్దున్నకి మనిషి నీరసించిపోయారు, నాకు చాలా బాధేసింది.

డబ్బా తిప్పి చూస్తే సార్బిటాల్ అన్న పేరు అంటించిన మడత కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. రుచికి 4 స్టార్లు, చెప్పే తీరుకి 1. కొనుక్కోండి, రోజుకి రెండు ముక్కలు దాటనివ్వకండి.