వలపలగిలక దగ్గర తడబడిన టెసరాక్ట్

మా తాతగారు బెజవాడలో వైద్యం చేసేవారు. ఆయన రాసిన గృహవైద్యం పుస్తకం ప్రతి ఒకే ఒక్కటి మా సత్యనారాయణపురం ఇంట్లో మిగిలింది. 176 పేజీలు, అంటే పదహారు పేజీలకు ఒక ఫారం చొప్పున సరిగ్గా 11 ఫారాలు. అట్ట ఎప్పుడో పోయింది, మొదటి ఫారం కుట్టు ఊడింది, పేజీ తిప్పితే అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. దాన్ని మళ్లీ అచ్చు వేయించాలన్నది మా అమ్మ కోరిక. జనవరిలో జరిగే పుస్తక మహోత్సవం నాటికి తేవాలని ఎండాకాలంలో పనికి దిగాను.

ముందు ఏలూరు రోడ్డులో నాకు పరిచయమున్న డీటీపీ కేంద్రానికి తీసుకెళ్లాను. అక్కడి అబ్బాయి నాలుగు పేజీలు తిప్పి చూసి, "అమ్మా, ఇందులో కొన్ని గుర్తులు నాకు తెలియవు. చూసి కొట్టాలంటే రోజుకు మూడు పేజీలు కూడా కావు. అన్నాళ్లు మా దగ్గర నలిగితే మీకు పుస్తకం మిగలదు" అన్నాడు. ముప్ఫై ఏళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నాను, అతను చెప్పింది నిజమని నాకు తెలుసు. అందుకే టెసరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఆశ్రయించాను. రెండు నెలలు దానితో కూర్చున్నాక రాస్తున్న మాటలివి.

అచ్చు పేజీ బొమ్మను చదివి, దిద్దుకోవడానికి వీలైన యూనికోడ్ పాఠంగా మార్చి ఇచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. 1985 నుంచి 1994 వరకు హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థలో తయారైంది. 2005లో దాని సోర్స్ కోడ్‌ను అందరికీ విడుదల చేశారు, తర్వాత చాలా ఏళ్లు గూగుల్ దాని బాగోగులు చూసింది. మన భాషకు ముఖ్యమైన మలుపు మాత్రం 2018లో వచ్చిన 4వ వెర్షన్. అంతకుముందు అది ఒక్కో అక్షరం ఆకారాన్ని విడదీసి పోల్చుకునేది. గుణింతం పైకి, వత్తు కిందికి, కొమ్ము పక్కకి పోయే మన లిపిలో ఏది ఎక్కడ విడదీయాలి? 4వ వెర్షన్ నుంచి వరుస మొత్తాన్ని ఒక పట్టున చదువుతోంది. "లక్ష్మి"లోని మూడంతస్తుల అక్షరాన్ని అది తప్పు లేకుండా ఇచ్చినప్పుడు నేను నిజంగా సంతోషించాను.

విండోస్ కంప్యూటర్లకు ఇన్‌స్టాలర్‌ను జర్మనీలోని మాన్‌హైమ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం అందిస్తోంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అదనపు భాషల జాబితాలో తెలుగుకు టిక్కు పెట్టడం మరిచిపోవద్దు. పెట్టకపోతే తెలుగు పేజీని ఇంగ్లీషు అనుకుని చదువుతుంది. టెసరాక్ట్‌ను నేరుగా వాడాలంటే నల్లని తెర మీద ఆదేశాలు టైపు చేయాలి, అది నా వల్ల కాలేదు. జీఇమేజ్‌రీడర్ అనే మరో ఉచిత ప్రోగ్రాం దీనికి ముఖంలా పనిచేస్తుంది. ఎడమవైపు పేజీ బొమ్మ, కుడివైపు పాఠం కనిపిస్తాయి. ప్రూఫ్ రీడరుకు ఇంతకన్నా ఏం కావాలి? టెసరాక్ట్‌కు తెలుగు చదవడం నేర్పే డేటా కూడా రెండు రకాలుగా దొరుకుతుంది, ఫాస్ట్ అని ఒకటి, బెస్ట్ అని ఒకటి. బెస్ట్ నిదానంగా నడుస్తుంది. అయినా పాత పుస్తకానికి అదే తీసుకోండి.

అసలు కష్టమంతా స్కానింగులో ఉంది. మొదట తొందరపడి ఫోనుతో ఫొటోలు తీశాను. కుట్టు దగ్గర వరుసలు వంగిపోయి, పేజీకి సగం మాటలు పనికిరాకుండా వచ్చాయి. తర్వాత ఊడిన ఫారాల్ని ఒక్కో కాగితంగా స్కానరు మీద పరిచి, అంగుళానికి 300 చుక్కల చొప్పున తీశాను. అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న అనుపానాల (మందును దేనితో కలిపి తీసుకోవాలో చెప్పే సూచనల) కోసం 400కు పెంచాల్సి వచ్చింది. ఆ బొమ్మల్ని స్కాన్‌టెయిలర్ అనే ప్రోగ్రాంలో వేసి, ఒరిగిన వరుసల్ని నిటారు చేసి, పసుపుపచ్చని నేపథ్యాన్ని తెల్లగా చేశాను. అదే పేజీ, అదే టెసరాక్ట్. కానీ తప్పులు సగానికి పైగా తగ్గాయి. తెలుగు సరిగా చదవడం లేదని ఈ సాఫ్ట్‌వేర్‌ను వదిలేసినవాళ్లు ఒకసారి తమ బొమ్మలు తెరిచి చూసుకోవాలని నా మనవి.

ఇక తప్పుల సంగతి. మామూలు వచనంలో దాని తప్పులు మాకు కంపోజింగులో అలవాటైనవే. "మ" ఉండాల్సిన చోట "వు" వస్తుంది. "ధ" కింద ఉన్న చిన్న గీత అచ్చులో నలిగితే "ద" అయిపోతుంది. "ఢ"కు "డ", "భ"కు "బ" కూడా అంతే. అరసున్నలు కొన్ని నిలుస్తాయి, కొన్ని రాలిపోతాయి. ఇవి కంటికి తెలిసిపోతాయి కాబట్టి పెద్ద బాధ లేదు.

బాధ వలపలగిలకతో. ఈ తరం వారిలో చాలామంది దాన్ని చూసి ఉండరు. పాత అచ్చులో "ధర్మము" అన్న మాటను "ధమ౯ము" అని వేసేవారు. ముందు పలకాల్సిన రకారప్పొల్లు (ర్) అక్షరం తర్వాత తొమ్మిది అంకె ఆకారంలో కూర్చుంటుంది. "కార్యము" అయితే "కాయ౯ము". ఇప్పటి ఫాంటులతో చదువు నేర్చుకున్న టెసరాక్ట్‌కు ఈ గుర్తుతో పరిచయం లేదు. ఒకచోట తొమ్మిది అంకెగా ఇచ్చింది, ఒకచోట సున్నగా, మరోచోట పూర్తిగా మింగేసింది. జ్వర చికిత్స మొదలయ్యే పేజీలో వరుసలు 26, నేను దిద్దిన తప్పులు 31. వాటిలో 19 వలపలగిలక ఉన్న మాటల్లోనివే. పైగా మా తాతగారు తులాలు, రోజులు అన్నీ తెలుగు అంకెల్లోనే రాశారు. "౯ దినములు" అన్నచోట అది నిజంగా తొమ్మిదే. ఒకే పేజీలో అంకె తొమ్మిది, రకారం తొమ్మిది పక్కపక్కన ఉంటే యంత్రాన్ని ఏమనగలం?

వైద్య గ్రంథాలు పనికి పెట్టుకునేవారికి ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. టెసరాక్ట్ వరుసంతా కలిపి చదువుతుంది కాబట్టి దాని తప్పు చాలాసార్లు సరైన తెలుగు మాటలాగే కనిపిస్తుంది. 58వ పేజీలో "కరక్కాయ ఫలము" అని ఉన్నదాన్ని "కరక్కాయ పలము" అని ఇచ్చింది. ఫలమంటే కాయ. పలమంటే పాతకాలపు తూకం. రెండూ నిఘంటువులో ఉన్న మాటలే, రెండూ ఆ వాక్యంలో ఒదుగుతాయి. స్పెల్లింగ్ తనిఖీ దీన్ని పట్టలేదు. మొదటిసారి నేనూ పట్టలేదు, రెండోసారి మూలం పక్కన పెట్టుకుని చూసినప్పుడు గుండె ఝల్లుమంది. ఆ మాట నమ్మి ఎవరైనా మందు నూరుకుంటే! కథల పుస్తకంలో ఇలాంటి తప్పు చదువరిని చికాకు పెడుతుంది, అంతే. ఇక్కడ అలా కాదు. అందుకే కొలతలున్న ప్రతి వాక్యాన్నీ పసుపు రంగుతో గుర్తు పెట్టి, టెసరాక్ట్ ఇచ్చిన అంకెను ఎక్కడా నమ్మకుండా చేత్తోనే మళ్లీ కొడుతున్నాను.

గూగుల్ డ్రైవ్‌లో బొమ్మను పెట్టి డాక్స్‌తో తెరిచినా తెలుగు పాఠం వస్తుంది. నేను సరిచూసిన పది పేజీల్లో చెరిగిన అక్షరాలను అది కొంచెం మెరుగ్గానే చదివింది. అయితే ఒక్కో బొమ్మనూ ఎక్కించి, తెరిచి, కాపీ చేసుకోవాలి, ఇంటర్నెట్ ఉండాలి. టెసరాక్ట్ నెట్ లేకుండా, మన కంప్యూటర్లోనే, ఫారానికి ఫారం చదివేస్తుంది. వరుసలు కూడా మూలంలో ఉన్నట్టే విడివిడిగా ఉంచుతుంది కనుక పోల్చి చూడటం తేలిక. మరకలు పడిన ఏడెనిమిది పేజీలకు గూగుల్‌ను వాడి, మిగతాదంతా దీనితోనే చేశాను.

డబ్బు తీసుకుని కంపోజింగ్ చేసేవారి పని ఇది పూర్తిగా తప్పిస్తుందని నేను అనను. నాకు తప్పించింది టైపు చేసే శ్రమ. దిద్దే శ్రమ తగ్గలేదు, ఇలాంటి పుస్తకానికి తగ్గకూడదు కూడా. గత 30, 40 ఏళ్లలో ఆఫ్‌సెట్‌లో అచ్చయిన పుస్తకమైతే ఏ అనుమానమూ లేకుండా వాడండి, పేజీకి నాలుగైదు తప్పులు మించవు. అంతకు చాలా ముందుదైతే, వలపలగిలకను చదవగలిగిన మనిషి ఇంట్లో ఒకరుండాలి.

ఇప్పుడు రోజూ సాయంత్రం మా తమ్ముడి కూతురు వస్తోంది. ఇంజనీరింగ్ చదువుతోంది, జీఇమేజ్‌రీడర్ పెట్టి ఇచ్చింది కూడా తనే. పూర్వం ప్రెస్సుల్లో చేసినట్టే తను మూలం పైకి చదువుతుంది, నేను తెర మీద పాఠం పట్టుకుంటాను. మొదటి వారం "ధమ తొమ్మిది ము ఏమిటి అత్తా?" అని అడిగింది. నిన్న 128వ పేజీలో "చూర్ణము"ను నేను చెప్పకముందే సరిగా చదివింది. ఇంకా మూడు ఫారాలున్నాయి.