షాకి తలవంచిన ఉర్నాయర్, ఎదురుతిరిగిన వాచే: ఏది మేలు?

ససానియన్ల (ఒకప్పటి పర్షియాని ఏలిన రాజవంశం) మాట ఎత్తితే చాలు ఎవరో ఒకరు ఇదే అడుగుతున్నారు, కాకసస్‌లో చిన్న చిన్న రాజులు షాకి, అంటే పర్షియా చక్రవర్తికి, అణిగిమణిగి ఉండి బాగుపడ్డారా, తిరగబడి బాగుపడ్డారా అని. ఈ మాట రాగానే అందరూ ఆర్మేనియా సంగతే ఎత్తుతారు, అందుకే పక్కనున్న అల్బేనియా చూద్దాం (యూరప్‌ది కాదండోయ్, ఇప్పటి అజర్‌బైజాన్ వైపుది). సింహాసనం అదే, రాజులు ఇద్దరు, మధ్యలో దాదాపు వందేళ్లు.

మొదటివాడు ఉర్నాయర్, షా రెండో షాపూర్ మనిషి. 371లో బగవాన్ యుద్ధంలో పర్షియా తరఫున దిగి ఆర్మేనియా సేనాని ముషెగ్ చేతికి చిక్కాడు, ముషెగ్ ఈటె కర్రతో నెత్తిన నాలుగు వడ్డించి, కిరీటం ఉన్న రాజువి కాబట్టి చంపట్లేదు పో అని వదిలేశాడట. ఆ రుణం ఉంచుకోలేదు ఈయన, పర్షియన్లు మీదకొస్తున్నారని తర్వాత ముషెగ్‌కి గుట్టుగా కబురు పంపాడు! కొలువు షా దగ్గర, కబుర్లు అవతలివాళ్లకి. 387 ప్రాంతంలో రోమ్, పర్షియా ఆర్మేనియాని పంచుకున్నప్పుడు అందులోని అర్త్సఖ్, ఉతిక్ ప్రాంతాలు అల్బేనియాకే దక్కాయి.

రెండో వాచే కథ వేరు. షా రెండో యజ్దెగర్ద్ ఇతన్ని బలవంతంగా జొరాస్ట్రియన్ మతంలోకి (పర్షియా రాజుల మతం) మార్పించాడు. 457లో ఆయన పోయి కొడుకులు హోర్మిజ్ద్, పెరోజ్ గద్దె కోసం కొట్టుకుంటుంటే, ఇదే సందు అని వాచే మళ్లీ క్రైస్తవుడై, చోర్ కనుమ (ఇప్పటి డెర్బెంట్) పట్టుకుని ఉత్తరాది తెగల్ని లోపలికి దింపాడు. పెరోజ్ ఎవరో కాదు, వాచేకి సొంత మేనమామే.

నన్నడిగితే ధైర్యం, విధేయత ఇవన్నీ తర్వాత, అసలు షాకి నీతో అవసరం ఎంత అన్నదే తేలుస్తుంది. షాపూర్‌కి రోమ్‌తో తగువు తెగట్లేదు, సైన్యం ఇచ్చేవాడు కావాలి, ఉర్నాయర్‌కి ఆ విలువ ఉంది. పెరోజ్ మాత్రం హోర్మిజ్ద్‌ని ఓడించేశాక వాచేని బతిమాలాల్సిన పనేముంది, డబ్బిచ్చి కాకసస్ కొండల్లోని దర్యాల్ కనుమ గుండా హూణుల్ని తెప్పించి అల్బేనియా మీదకి వదిలాడు. అన్నదమ్ములు ఇంకా కొట్టుకుంటున్నప్పుడే ఏదో ఒక పక్క బేరం కుదుర్చుకోవాల్సింది వాచే, ఆ టైమ్ చేజారింది.

జార్జియా రాజు వఖ్తాంగ్ గోర్గసాలి పేరు కూడా తెస్తారు కొందరు. 482లో షా మీద లేచాడు, 484లో పెరోజ్ హెఫ్తలైట్ల (మధ్య ఆసియా తెగ) చేతిలో పోయాడు, వఖ్తాంగ్ గట్టెక్కాడు. ఇందులో కలిసొచ్చిందే ఎక్కువ.

లెక్క ప్రకారం ఉర్నాయర్ దారే మేలు, ఒప్పుకుంటా. కానీ నాకు వాచే అంటేనే ఇష్టం. తల్లినీ భార్యనీ వాళ్లు పర్షియా రాజవంశం ఆడవాళ్లు కాబట్టి పెరోజ్ దగ్గరికి పంపేసి, రాజ్యం వద్దని, చిన్నప్పుడు తండ్రి తన వాటాగా ఇచ్చిన వెయ్యి కుటుంబాలు చాలని అడిగి తీసుకుని సన్యాసుల్లో కలిసిపోయాడు. ఆ గద్దె ఇరవై ఏళ్లకి పైగా ఖాళీగానే ఉంది, పెరోజ్ చచ్చాక 485లో కొత్త షా బలాష్ దాని మీద కూర్చోబెట్టింది మళ్లీ వాచే సోదరుడి కొడుకు వచగాన్‌నే.