పాములను తరిమే సౌర యంత్రం: పద్నాలుగు నెలల వాడకం తరువాత

విశాఖపట్నం సీతమ్మధారలోని అపార్టుమెంటును విడిచి, పద్మనాభం మండలంలో కొండవార ఉన్న మా తాతగారి పెంకుటింటికి మేము మారి మూడేళ్లు దాటింది. ఇంటి వెనక జీడితోట, ముందు వరిమడి, పడమటి గోడకు ఆనుకొని పశువులశాల, దాని పక్కన ఎప్పుడో మరమ్మతుకు తెచ్చి మిగిలిపోయిన పెంకుల దొంతర. ఎలుకలకు కావలసినవన్నీ ఇక్కడ ఉన్నాయి కనుక పాములకు కావలసినవీ ఉన్నాయి. దీపాలు పెట్టాక మా ఊళ్లో పామును పాము అనరు, పురుగు అంటారు. మొదటి వానాకాలంలోనే నాగుపామును రెండుసార్లు, కట్లపామును ఒకసారి, తేళ్లను లెక్కలేనన్నిసార్లు చూసిన మీదట, ఆన్‌లైన్‌లో విరివిగా ప్రకటనలిస్తున్న సౌర యంత్రాలను నాలుగింటిని రెండు వేల వంద రూపాయలకు తెప్పించాను. అమ్మిన సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు; ఒకే అచ్చులో పోసినట్టున్న ఈ యంత్రం పది పేర్లతో దొరుకుతోంది, అన్నిటి మీదా అవే మాటలు ఉన్నాయి.

వస్తువు చూడడానికి తోటలో పెట్టుకొనే చిన్న దీపంలా ఉంటుంది. పైన అరచేతిలో సగం కూడా లేని సౌర పలక, దాని కింద ప్లాస్టిక్ గొట్టం, గొట్టం లోపల తిరిగి చార్జి అయ్యే బ్యాటరీ, అడుగున నేలలో గుచ్చడానికి మొన. అరనిమిషానికి ఒకసారి రెండు క్షణాలపాటు బుర్రుమని అదురుతుంది. 400 నుంచి 1000 హెర్ట్జ్ వరకు ఉండే ఆ అదురు నేలలో వ్యాపించి, ఒక్కొక్క యంత్రం చుట్టూ వందల చదరపు అడుగుల మేర పాములు నిలవకుండా చేస్తుందని పెట్టె మీద ముద్రించారు. నాలుగింటినీ ఇంటి నాలుగు మూలలా పాతిన సాయంత్రం, మా తోట చూసే పెద్దాయన చాలాసేపు చెవి ఒగ్గి విని, "ఇదేటి బాబూ, భూమిలోన సెల్‌ఫోను పాతినారు?" అని అడిగాడు. అప్పుడు నవ్వుకున్నాను గాని, ఆయన మాట ఎంత నిజమో తరువాత తెలిసింది.

మొదటి నెలలో పాము కనిపించలేదు. అది మే నెల, నేల బీటలు తీసిన కాలం. యంత్రం లేకపోయినా కనిపించేది కాదేమో. ఆ ఎండలో గట్టిపడిన మా ఎర్రనేలలోకి మొనను దించబోతే ఒకటి మెడ దగ్గర విరిగింది, దానికి గుడ్డ చుట్టి నిలబెట్టాము. జూన్ చివర తొలకరి పడ్డాక, ఈశాన్యపు మూలలో యంత్రానికి మూడడుగుల దూరంలో, ఇటుకల సందున మూరన్నర పొడవు కుబుసం దొరికింది. తల భాగం లోపలి నుంచి బయటికి తిరగబడి, కంటి మీది పొర కూడా చెక్కుచెదరకుండా ఉంది, ముట్టుకుంటే ఇంకా మెత్తగా ఉంది. అంటే ఆ పాము అక్కడ ఏదో దారిన పోతూ ఆగలేదు. ఇటుక అంచుకు మూతి రాసుకొని, ఒళ్లంతా సాగదీసి, తీరిగ్గా చర్మం విడిచి వెళ్లింది. అంతసేపూ యంత్రం అరనిమిషానికొకసారి బుర్రుమంటూనే ఉండి ఉండాలి. జూలైలో ఒక జెర్రిపోతు మధ్యాహ్నపు ఎండకు ఆ యంత్రం పక్కనే పడుకొని ఉండగా నేను గడియారం పట్టుకొని నిలబడి చూశాను. పదకొండుసార్లు అదిరినా అది తల ఎత్తలేదు. నేను అడుగు ముందుకు వేయగానే పారిపోయింది.

దీనికి కారణం తెలుసుకోవడం కష్టమేమీ కాదు. పాముకు బయటి చెవీ కర్ణభేరీ లేవు గాని లోపలి చెవి ఉంది. కింది దవడ నేలకు ఆనినప్పుడు నేలలోని అదురు ఆ దవడ ఎముక మీదుగా లోపలి చెవికి చేరుతుంది. గాలిలోని ధ్వనులను కూడా అది కొంతవరకు పసిగడుతుంది. అయితే దానికి బాగా తెలిసేవి తక్కువ స్థాయి కంపనాలు, సుమారు 80 నుంచి 600 హెర్ట్జ్ లోపువి. పెట్టె మీద రాసిన పరిధిలో పైభాగం పాముకు సరిగా అందేది కాదు, కింది భాగం అందినా అందడం వేరు, బెదరడం వేరు. మనిషి అడుగు ఒక దిక్కు నుంచి దగ్గరవుతూ వస్తుంది కనుక పాము తప్పుకుంటుంది. ఉన్నచోటనే ఉండి గంటకు నూట ఇరవైసార్లు ఒకేలా అదిరేదానిని, మనం గడియారం చప్పుడును మరిచిపోయినట్టే, అది కూడా మరిచిపోతుంది. ఇదే వరుసలో మనిషి చెవికి అందని అతిధ్వనితో పాములను తరుముతామని అమ్మే గోడ యంత్రాలూ ఉన్నాయి. అతిధ్వని 20,000 హెర్ట్జ్ పైమాట కనుక వాటి గురించి వేరే పరీక్ష అవసరం లేదు.

నాకు ఇంతకన్నా కోపం తెప్పించినది దాని సౌరశక్తి. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది, అంటే ఏడాదికి సగటున 58 వేల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. వాటిలో సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు లోపువే. ఆ నాలుగు నెలలే మబ్బు పట్టే నెలలు కూడా. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి మూడు రోజులు ముసురు పట్టిందంటే, ఆ చిన్న పలకకు అందే వెలుతురు చాలక, రాత్రి తొమ్మిది దాటేసరికి నాలుగు యంత్రాలూ మూగబోయేవి. రెండింటిలో నీరు చేరి బ్యాటరీకి తుప్పు పట్టింది.

ఆగస్టులో అలాంటి ఒక రాత్రే, కరెంటు పోయి పెరట్లోకి వెళ్లినప్పుడు, టార్చి వెలుగులో గోడవారగా కట్లపాము కనిపించింది. నిగనిగలాడే నలుపు మీద సన్నని తెల్లని కట్లు, చిటికెనవేలు కన్నా కాస్త లావు. అది నెమ్మదిగా, గోడకూ నేలకూ మధ్య గీత గీసినట్టు, పెద్దాయన చాప పరచుకొని పడుకొనే వసారా వైపు పోతోంది. మూగబోయిన యంత్రం దానికి రెండు బారల దూరంలో ఉంది. కట్లపాము పగలు మందంగా ఉండి రాత్రి తిరుగుతుంది, నేల మీద పడుకున్నవారిని నిద్రలోనే కరుస్తుంది, కాటు నొప్పి దాదాపు తెలియదు. తెల్లవారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, ఆ తరువాత ఊపిరి అందకపోవడం. ఆ రాత్రి పెద్దాయనను లేపి, పాము కదలికను దూరం నుంచే చూస్తూ, తగరపువలస వైపు నుంచి పాములు పట్టే యువకుడు బండి మీద వచ్చేవరకు నలభై నిమిషాలు నిలబడ్డాము. కర్ర తీయమని పొరుగువారు అరిచారు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం పామును చంపడం నేరమన్న సంగతి అలా ఉండగా, కర్ర ఎత్తినవాడే కాటు తినడం మా ఊరికి కొత్త కాదు. నాగులచవితికి పుట్టలో పాలు పోసే చేతులే కార్తికం వెళ్లగానే కర్ర పట్టుకోవడం ఎప్పటికీ నాకు అర్థం కాదు.

మరునాడు అమ్మిన సంస్థకు ఫొటోలతో సహా రాశాను. ఇంటి విస్తీర్ణానికి నాలుగు చాలవనీ, మరో నాలుగు కొంటే తగ్గింపు ఇస్తామనీ జవాబు వచ్చింది. డబ్బు వాపసు గడువు అప్పటికే దాటిపోయింది.

దాని బదులు పెట్టినవాటిలో నేను ముందుగా చెప్పేది దోమతెర. నాలుగు వందల యాభై రూపాయలకు పూర్ణామార్కెట్ దగ్గర కొన్నది. దాన్ని మంచానికి కట్టి, అంచులను పరుపు కిందికి దోపాలి, వేలాడదీసి వదిలేస్తే లాభం లేదు. దోమతెరలో పడుకునేవారికి పాముకాటు ముప్పు తగ్గుతుందని నేపాల్ తెరాయి ప్రాంతంలో చేసిన పరిశీలనలో కూడా తేలింది. పెద్దాయనకు నవారు మంచం, తెర ఇప్పిస్తే వారం రోజులు "ఉక్కపోత సంపేస్తన్నాది బాబూ" అని గొణిగాడు; ఇప్పుడు తెర లేకుండా పడుకోవడం లేదు, పాముల భయంతో కాదు, దోమలు లేని నిద్రకు అలవాటు పడి.

రెండవది తలుపు కింద బిగించే బ్రష్ పట్టీ. మా పాత తలుపులకూ గడపకూ మధ్య బొటనవేలు దూరేంత సందు ఉండేది, పిల్ల కట్లపాముకు అందులో సగం చాలు. మీటరు నూట ఎనభై రూపాయల చొప్పున మూడు తలుపులకు వేయించాము. కుచ్చు ఒత్తుగా ఉన్నదే తీసుకోవాలి. చవకరకం ఏడాదికే పలచబడి, బొద్దింకలు కూడా దర్జాగా దూరుతున్నాయి. స్నానాలగది తూముకు సన్నని ఇనుప జాలీ వేశాము.

అయితే ఈ మూడేళ్లలో నేను పెట్టిన ఖర్చులన్నిటిలోకీ నాకు సంతోషం కలిగించినది మూడు వందల రూపాయల అతినీలలోహిత టార్చి. తేలు చర్మపు పైపొరలోని పదార్థాల మీద ఆ కాంతి పడితే అది ఆకుపచ్చగా వెలుగుతుంది. మామూలు టార్చితో పెంకుల దొంతర దగ్గర ఎంత వెతికినా మట్టిరంగే తప్ప ఏమీ కనిపించని చోట, దీనిని వేసిన మొదటి రాత్రి ఏడు తేళ్లు లెక్కపెట్టాను. ఒకటి పెంకు అంచున వీపు మీద తెల్లని పిల్లలను మోస్తూ ఉంది. తల్లి మాత్రమే వెలిగింది, పిల్లలు వెలగలేదు, పుట్టుకొత్త చర్మానికి ఆ గుణం రావడానికి సమయం పడుతుందట. మా ప్రాంతంలో నల్లతేలు పెద్దదై భయపెడుతుంది గాని, ప్రాణం మీదికి తెచ్చేది చిన్నదైన ఎర్రతేలు. పిల్లలలో దాని విషం గుండెను దెబ్బ తీస్తుంది. దానికి ప్రజోసిన్ అనే రక్తపోటు మాత్ర పనిచేస్తుందని మహారాష్ట్రలోని మహాడ్‌లో వైద్యం చేసే డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ నిరూపించాక చావులు బాగా తగ్గాయి. టార్చి విషయంలో లోపం ఒకటే: దాని వెలుగు కంటికి మంచిది కాదు, పిల్లల చేతికి ఇవ్వకూడదు. తేళ్లను చూసిన వారంలోపే పెంకుల దొంతరను ఇంటికి దూరంగా జరిపించాము, ఎలుకలు తగ్గాయి, వాటి వెనక వచ్చేవీ తగ్గాయి.

మోకాళ్లకింది వరకు వచ్చే రబ్బరు బూట్లు నాలుగు వందల ఇరవై రూపాయలు; చెమట భరించగలిగితే వరిమడికి అంతకన్నా మంచివి లేవు. తొడిగే ముందు బోర్లించి దులపాలి. ఒక ఉదయం అందులోంచి గోదురుకప్ప పడింది. మా కుక్క దానిని నోట కరిచి, కప్ప కంటి వెనక గ్రంథుల విషానికి గంటసేపు చొంగ కార్చుకుంది.

కొనవద్దని చెప్పేవి కూడా రెండు ఉన్నాయి. పాములకని కంచె చుట్టూ కట్టమనే నైలాన్ వల భీమిలిలో తెచ్చి కట్టాను. పది రోజులకు అందులో చిక్కింది ఒక జెర్రిపోతు, అంటే మా ఎలుకలను తినే కూలి లేని కాపలాదారు. గోరుకత్తెరతో ఒక్కొక్క పోగూ కోసి విడిపించేసరికి దాని పొలుసుల కింద చర్మం కోసుకుపోయింది. వల విప్పేశాను. నర్సరీలలో పాములు రావని చెప్పి అమ్మే నల్ల ఈశ్వరి తీగ కింద కూడా పాము పడుకోగా చూశాను. అంతకు మించి, దాని వేరులో మూత్రపిండాలను పాడుచేసే అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది కనుక, కాటుకు మందని నూరి తాగించేవారిని ఆపవలసి ఉంది.

సౌర యంత్రంతోపాటు ఉచితంగా వచ్చిన 'పాముకాటు పెట్టె' గురించి చెప్పకుండా ముగించలేను, యంత్రం పనికిరానిది మాత్రమే, ఈ పెట్టె హాని చేసేది. అందులో బిగించి కట్టడానికి తాడు, గాటు పెట్టడానికి బ్లేడు, విషాన్ని పీల్చడానికి రబ్బరు గిన్నె ఉన్నాయి. తాడు బిగిస్తే రక్తప్రసారం ఆగి కాలు పోవచ్చు, గాటు పెడితే రక్తపింజర కాటులో రక్తం ఆగదు, గిన్నెతో విషం చెప్పుకోదగినంత బయటికి రాదు. చేయవలసినది కరిచిన కాలునో చేతినో కదలకుండా చెక్కబద్దతో కట్టి, 108కి ఫోన్ చేసి, విరుగుడు మందు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చడమే. మన దేశంలో తయారయ్యే విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటి విషానికి పనిచేస్తుంది. తూర్పు కనుమల గిరినాగు (రాచనాగు, కింగ్ కోబ్రా) ఆ జాబితాలో లేదు. మా ఊరి నుంచి విశాఖలోని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌కు గంటకు పైగా ప్రయాణం కనుక, దగ్గరి ఆసుపత్రులలో మందు ఎక్కడ ఉంటుందో వానాకాలానికి ముందే వెళ్లి అడిగి, ఆ కాగితం గోడకు అంటించాము.

సౌర యంత్రానికి అయిదు మార్కులకు ఒకటి కూడా ఎక్కువే. పాడైనదానిని పెద్దాయన మనవడు విప్పితే లోపల ఉన్నది సెల్‌ఫోనులో అదిరే మోటారులాంటిదే, కాస్త పెద్దది, అంతే. ఉచిత పెట్టెలోని తాడును మేకకు కట్టాము, బ్లేడూ గిన్నే పారేశాము. పెట్టె మాత్రం గట్టిది, మూత బాగా బిగుస్తుంది, అందులో ఇప్పుడు టార్చిల చార్జర్లు పెడుతున్నాము.