ఇంగ్లీషు చట్టమా, బ్రెహన్ చట్టమా: ఐరిష్ మనిషికి ఏది మేలు?

మధ్యయుగ ఐర్లండ్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు: వలస వచ్చిన ఇంగ్లీషువాళ్ల చట్టం మేలా, అక్కడివాళ్ల పాత బ్రెహన్ చట్టమే మేలా అని. బ్రెహన్ అంటే ఆ ఐరిష్ చట్టం ప్రకారం తీర్పు చెప్పే న్యాయకర్త. 1169లో నార్మన్లు ఐర్లండ్‌లో దిగారు, 1171లో ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ వచ్చాడు, అలా ఇంగ్లీషు చట్టం అక్కడ అడుగుపెట్టింది. ఇక నేరుగా విషయానికి వస్తా.

కాగితం మీద చూస్తే ఇంగ్లీషు చట్టానిదే పైచేయి. కొడుకులు లేకపోతే భూమి కూతుళ్లకు వస్తుంది. భర్త పోతే అతని భూమిలో మూడోవంతు బతికినన్నాళ్లూ భార్యది. బ్రెహన్ చట్టంలో భూమి మగ దాయాదుల మధ్యే పంచుకోవడం; ఆడపిల్ల చేతికి రావడం అరుదు. పైగా హత్య చేసినవాడికి ఉరి లేదు, ఎరిక్ ఉంది. అంటే చనిపోయినవాడి హోదాను బట్టి హంతకుడూ అతని వంశమూ కట్టే పరిహారం. ప్రాణానికి వెల కట్టడమేంటని నాకూ మొదట్లో చిరాకేసేది.

ఐర్లండ్‌లోని వాటర్‌ఫర్డ్‌లో జరిగిన ఒక కేసు చదివాక ఆ చిరాకు తగ్గింది. 1310-11 నాటి మాట. రాబర్ట్ లె వాలీస్ అనేవాడి మీద జాన్ అనే మనిషిని చంపాడని కేసు. చంపానని అతనే ఒప్పుకున్నాడు. కానీ జాన్ అచ్చమైన ఐరిష్‌వాడు, ఇంగ్లీషు చట్టం అతనికి వర్తించదు కాబట్టి అది నేరమే కాదన్నాడు! జాన్ ఎవరి కింద ఉండేవాడో ఆ ప్రభువు వచ్చి అడిగితే మాత్రం న్యాయంగా ఎంతవుతుందో అంత కడతానన్నాడు. దానికి రాజు తరఫు లాయరు ఇచ్చిన జవాబు ఇంకా విచిత్రం. ఐరిష్‌వాడిని చంపినా నేరమేనని ఆయన అనలేదు. జాన్ ఐరిష్‌వాడు కాదు, వైకింగుల సంతతివాడు, వాళ్లకు ఇంగ్లీషు చట్టం వర్తిస్తుందని రెండో హెన్రీ రాసిచ్చాడు అన్నాడు.

అంటే ఐరిష్‌వాడి ప్రాణానికి ఇక్కడా వెలే. కాకపోతే ఆ డబ్బు ప్రభువుకు పోతుంది, ఇంటివాళ్లకు కాదు. బ్రెహన్ దగ్గర కనీసం బంధువుల చేతికి అందుతుంది. నాకు ఈ ఒక్క తేడా చాలు.

పోనీ భార్యకొచ్చే మూడోవంతు? 1317లో ఐరిష్ రాజు డొమ్నల్ ఓనీల్ పోపుకు పంపిన మొరలో ఉంది: ఇంగ్లీషువాణ్ణి చేసుకున్న ఐరిష్ స్త్రీకి, ఐరిష్ అయిన పాపానికి, భర్త పోయాక ఆ వాటా దక్కనివ్వడం లేదని.

అలాగని ఐరిష్‌వాళ్లు ఇంగ్లీషు చట్టం వద్దన్నారనుకోకండి. 1277లో క్యాషెల్ ఆర్చ్‌బిషప్ డేవిడ్ మక్ కెర్విల్ ఐరిష్‌వాళ్లందరికీ ఆ చట్టం ఇప్పించమని ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్‌కు 7,000 మార్కులు ఇవ్వజూపాడు. మార్కంటే పౌనులో మూడింట రెండొంతులు, చిన్న మొత్తమేం కాదు. ఐరిష్ చట్టాలు దేవుడికే అసహ్యమన్న రాజు, బేరమాడాడే గానీ పని మాత్రం జరగలేదు. 1331లో అందరికీ ఒకే చట్టమన్నారు, కట్టు కూలీలను వదిలేసి. అది కూడా ఆచరణలో పెద్దగా నిలవలేదు.

కాబట్టి విడిగా డబ్బు కట్టి ఇంగ్లీషు చట్టం వర్తించేలా పత్రం తెచ్చుకోగలిగినవాళ్లకు, ముఖ్యంగా కూతుళ్లే ఉన్నవాళ్లకు, ఇంగ్లీషు చట్టం. మామూలు మనిషికి బ్రెహన్. నా ఓటు దానికే.

ఇంగ్లీషు, ఐరిష్ ప్రాంతాల సరిహద్దుల్లో రెండూ కలిపి నడిచిన మార్చ్ చట్టం కూడా ఉంది. ఇక్కడ దాని జోలికి ఎక్కువగా పోను. ఐర్లండ్‌లోని ఇంగ్లీషు పాలకులు చేసిన 1366 కిల్కెన్నీ శాసనాలు మార్చ్ చట్టాన్నీ బ్రెహన్ చట్టాన్నీ కలిపి ఇంగ్లీషువాళ్లకు నిషేధించాయి, పాటిస్తే రాజద్రోహమన్నాయి. అంత గట్టిగా చెప్పాల్సి వచ్చిందంటే, వలసవాళ్లు కూడా తగవులు తీర్చుకోవడానికి బ్రెహన్ గడప తొక్కుతున్నట్టేగా.