ఓరుగల్లు నుంచి తాడ్వాయి దాకా: ఏ ల్యాప్‌టాప్ ఎక్కడ ఎంతసేపు నిలిచింది

కాకతీయుల నాటి గుళ్లలోని శిల్పాలను ఫొటోలు తీసి, ఒక్కొక్కదాని వివరాలు అక్కడికక్కడే రాసిపెట్టుకునే పని మీద మేము నలుగురు మిత్రులం వానాకాలం చివర్లో హనుమకొండ, ములుగు ప్రాంతాలు తిరిగి వచ్చాం. నలుగురివీ నాలుగు రకాల ల్యాప్‌టాప్‌లు. ఒకటి 2020లో విడుదలైన ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్, ఇంకొకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్న థింక్‌ప్యాడ్ టీ480, మూడోది చాలా ఇళ్లలో కనిపించే పదిహేను అంగుళాల మామూలు విండోస్ ల్యాప్‌టాప్, నాలుగోది గేమింగ్ ల్యాప్‌టాప్. పని పెట్టుకుని ఈ దారిన వచ్చేవారు బస సంగతి, బ్యాటరీ సంగతి వేర్వేరుగా ఆలోచిస్తారు గాని, ఈ యాత్ర తరువాత నాకు అవి రెండూ ఒకటేనని గట్టిగా అనిపిస్తోంది. బ్యాటరీ ఎంత పెద్దదన్నదానికంటే, తేలికపాటి పనిలో యంత్రం ఎంత తక్కువ కరెంటు తీసుకుంటుందన్నదే ప్రయాణంలో ఆదుకుంటుంది. ఆ తీసుకోవడాన్ని పెంచేదీ తగ్గించేదీ మనం కూర్చున్న చోటే.

బయలుదేరే ముందే లెక్కలు చూసుకున్నాం. ఎం1 ఎయిర్ బ్యాటరీ సామర్థ్యం 49.9 వాట్-అవర్లు, అంటే 49.9 వాట్ల చొప్పున వాడితే ఒక గంట వస్తుంది. వైఫైలో ఇంటర్నెట్ వాడితే 15 గంటలు, సినిమా చూస్తే 18 గంటలు వస్తుందని ఆపిల్ ప్రకటించింది. 49.9ని 15తో భాగిస్తే, యంత్రమంతా కలిపి సగటున 3.3 వాట్లతో సరిపెట్టుకోవాలన్నమాట. ఆ పరీక్షలో తెర వెలుగును అడుగు నుంచి ఎనిమిదో మెట్టు దగ్గర, అంటే దాదాపు సగంలో ఉంచుతారు. సినిమాకు ఇంకా ఎక్కువ గంటలు రావడానికి కారణం, వీడియో ఆడించడానికి చిప్‌లోనే ప్రత్యేకమైన భాగం ఉండటం. ఫొటోలు దిద్దేవారికి ఆ అంకెతో పని లేదు. టీ480లో లోపల 24 వాట్-అవర్ల బ్యాటరీ ఒకటి ఉంటుంది. వెనుక తీసి పెట్టుకునే రెండోది 24 నుంచి 72 వాట్-అవర్ల వరకు దొరుకుతుంది, మా మిత్రుడు పెద్దదే తెచ్చాడు. మామూలు ల్యాప్‌టాప్‌ది 41, గేమింగ్ యంత్రానిది 80. విండోస్ యంత్రాలు మూడింటిలోనూ బ్యాటరీ రిపోర్ట్ తీసి, తయారైనప్పటి సామర్థ్యాన్ని ఇప్పుడు నిండుతున్న సామర్థ్యంతో పోల్చుకున్నాం. సెకండ్‌హ్యాండ్ యంత్రం కొనేవారెవరైనా ముందు చూడవలసింది ఈ తేడానే.

వెళ్లేటప్పుడు రైలు ప్రయాణంలో చెప్పుకోదగ్గ ఇబ్బంది లేదు. 2023 జనవరిలో మొదలైన సికింద్రాబాద్–విశాఖపట్నం వందే భారత్ వరంగల్‌లో ఆగుతుంది, సీటు దగ్గరే ప్లగ్గు ఉంటుంది కనుక నిండు బ్యాటరీతో దిగవచ్చు.

హనుమకొండలో మేము దిగిన లాడ్జి శుభ్రంగా ఉంది, 1163 నాటి వేయిస్తంభాల గుడికి దగ్గర, సిబ్బంది మర్యాదస్తులు. అయితే ల్యాప్‌టాప్‌తో వచ్చినవారి అవసరాలు ఆ గదులు కట్టినవారికి తట్టలేదు. తలుపు పక్కన కార్డు పెడితేనే గదిలో కరెంటు ఉంటుంది. ఛార్జింగ్‌కు పెట్టి భోజనానికి వెళ్లబోతుంటే, "కార్డు తీస్తే రూమ్‌ల కరెంటు మొత్తం బంద్ అయితది సార్" అని రిసెప్షన్‌లోని అబ్బాయి ముందే చెప్పి మేలు చేశాడు. కరెంటు పోయినప్పుడు జనరేటర్ మీద ఫ్యాను, లైటు నడిచాయి గాని ప్లగ్గుల్లో కరెంటు రాలేదు. గేమింగ్ ల్యాప్‌టాప్‌కు ఇంకొక చిక్కు వచ్చింది: దాని అడాప్టర్‌కు ఉన్నది మందపాటి పిన్నుల 16 ఆంపియర్ల ప్లగ్గు, గదిలో అది పట్టే చోటు గీజర్ దగ్గర తప్ప మరెక్కడా లేదు. మిగతా మూడింటివి మామూలు ప్లగ్గులే. ఎయిర్, టీ480 రెండూ టైప్-సి ద్వారా ఛార్జ్ అవుతాయి కాబట్టి ఒక్క 65 వాట్ల ఛార్జర్‌నే ఇద్దరూ వంతులవారీగా వాడుకున్నారు. ఈ సౌకర్యం కాగితం మీద చిన్నదిగా కనిపిస్తుంది, ఒకే ప్లగ్గు ఉన్న గదిలో దాని విలువ తెలుస్తుంది.

అసలు పరీక్ష పాలంపేటలో జరిగింది. కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కినప్పటి నుంచి ఎంత రద్దీగా ఉన్నా, కూర్చుని పని చేసుకోవడానికి నేను చూసిన గుళ్లన్నింటిలో అనువైనది. చూరు కింద నల్లరాతి మదనికలను, అంటే స్త్రీమూర్తుల శిల్పాలను ఫొటో తీయడం, వెంటనే తెర మీద పెద్దవి చేసి చూసి, నగల వివరాలు సరిగ్గా రాకపోతే మళ్లీ తీయడం మా పని. ప్రాకారంలో ఎండలో తెర తెరిస్తే మామూలు ల్యాప్‌టాప్‌లో మా ముఖాలే కనబడ్డాయి. ఆ తరగతి యంత్రాల తెర వెలుగు సాధారణంగా 250 నిట్ల (వెలుగుకు కొలత) దగ్గరే ఆగిపోతుంది. ఎయిర్‌ది 400 నిట్లు కాబట్టి కష్టపడి చూడవచ్చు, కాని వెలుగు పూర్తిగా పెంచగానే బ్యాటరీ శాతం కళ్లముందే దిగడం మొదలైంది. చిప్ పొదుపు చేసినదాన్ని తెర ఖర్చు పెట్టేస్తుంది. అందుకే ఆరుబయట నాలుగు యంత్రాల మధ్య తేడా మేము అనుకున్నంత లేదు. మండపంలో నీడకు చేరి వెలుగు సగానికి దించిన తరువాతే తేడా స్పష్టంగా తెలిసింది: చిన్న చిన్న నోట్సు రాయడానికి ఎయిర్ మధ్యాహ్నం దాటినా నిశ్చింతగా ఉంది, టీ480 వెనుక బ్యాటరీ ఇంకా అయిపోలేదు, మామూలు ల్యాప్‌టాప్ మాత్రం ఫొటోలు దింపుకోవడం పూర్తికాకముందే హెచ్చరిక చూపింది. దాని తప్పేమీ లేదు. ఫొటోలు దింపి, ప్రివ్యూలు తయారుచేసే పనిలో యంత్రం 20 వాట్లు తీసుకుంటే 41 వాట్-అవర్లు రెండు గంటలకే సరిపోతాయి. గేమింగ్ యంత్రం బ్యాటరీ దానికి దాదాపు రెట్టింపు అయినా అంతకంటే ఎక్కువసేపు రాలేదు. ఆటల బొమ్మల కోసం పెట్టిన విడి గ్రాఫిక్స్ చిప్, సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చే 144 హెర్ట్జ్ తెర ఊరికే ఉన్నప్పుడు కూడా ఖర్చు పెడుతూనే ఉంటాయి. తెరను 60 హెర్ట్జ్‌కు దించి, విడి గ్రాఫిక్స్‌ను ఆపేశాక కొంత మెరుగుపడింది.

పక్కనే ఉన్న గణపురం కోటగుళ్లలో జనం తక్కువ, నీడా తక్కువే. అక్కడ కాగితం, పెన్ను వాడటమే నయం.

లక్నవరంలో ఒక పూట ఆగాం. వేలాడే వంతెన, చెరువు మధ్య దీవులు కనులపండువగా ఉంటాయి, కాని శని, ఆదివారాల్లో ఆ సందడిలో పని సాగదు. రాత్రి బసకు నాకు తాడ్వాయి అడవే నచ్చింది. నిశ్శబ్దం, చల్లటి గాలి, పొద్దుపోయేదాకా రాసుకోవడానికి వీలు. సిగ్నల్ మాత్రం వస్తూ పోతూ ఉంటుంది, అది బ్యాటరీకి మంచిది కాదు. ఫొటోలను ఆన్‌లైన్‌లో దాచే ప్రోగ్రామ్ దొరకని నెట్ కోసం పదే పదే ప్రయత్నిస్తూ ప్రాసెసర్‌ను నిద్రపోనివ్వదు. హాట్‌స్పాట్ ఇస్తున్న ఫోన్ బలహీనమైన సిగ్నల్‌ను అందుకోవడానికి ఎక్కువ శక్తి వాడి, ల్యాప్‌టాప్ కంటే ముందే అయిపోతుంది. వైఫై ఆపేసి రాసుకోవడమే సరైన పద్ధతి. ఇంకొకటి, కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌లు మూత వేసినంత మాత్రాన పూర్తిగా నిద్రపోవు. ఫోన్‌లాగా లోపల మేలుకునే ఉండి, సంచిలో వేడెక్కి, తెల్లారేసరికి చెప్పుకోదగ్గ శాతం పోగొట్టుకుంటాయి. మామూలు ల్యాప్‌టాప్‌కు అక్కడ అదే జరిగింది. హైబర్నేట్ చేసి, అంటే పనిని డిస్క్‌లో దాచి పూర్తిగా ఆపి పెట్టిన యంత్రమూ, మూత వేసి ఉంచిన ఎయిర్ కూడా రాత్రి ఎంత ఉన్నాయో పొద్దున దాదాపు అంతే ఉన్నాయి. వేడిలో, నిండా ఛార్జ్ అయి ఉన్న లిథియం బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది కాబట్టి ఎండలో నిలిపిన కారులో ల్యాప్‌టాప్ వదిలేయడం కూడా మానుకున్నాం.

బొగత జలపాతానికి ల్యాప్‌టాప్ అక్కర్లేదు, తుంపర్ల దగ్గర దానిని తెరవనూ కూడదు.

ఇలాంటి పనికి మళ్లీ బయలుదేరితే ఎయిర్‌నే మొదట ఎంచుకుంటాను, దానితోపాటు 20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంక్ పెట్టుకుంటాను. 3.7 వోల్టుల లెక్కన అది 74 వాట్-అవర్లు. మార్పిడిలో కొంత పోయినా ఎయిర్‌ను ఒకసారి నింపగలదు, టైప్-సి నుంచి 45 వాట్లైనా ఇవ్వగలిగినది అయితే చాలు. తక్కువ ధరలో కావాలంటే, పెద్ద బ్యాటరీ ఉన్న టీ480 బరువు భరించగలిగినవారికి నమ్మకమైనది. పైగా లోపలి బ్యాటరీ ఉంటుంది కాబట్టి యంత్రం ఆపకుండానే వెనుకది మార్చవచ్చు. మామూలు ల్యాప్‌టాప్, గేమింగ్ యంత్రం ఉన్నవారు అడవిలో బస పెట్టుకోకుండా, హనుమకొండలో ఉండి పొద్దున రామప్పకు వెళ్లి సాయంత్రానికి తిరిగి రావడం మంచిది. గది బుక్ చేసే ముందు ఫోన్‌లోనే జనరేటర్ మీద ప్లగ్గులు నడుస్తాయా, కార్డు తీసినా ఒక్క ప్లగ్గులోనైనా కరెంటు ఉంటుందా, బల్ల దగ్గర పెద్ద పిన్నుల ప్లగ్గు పడుతుందా అని అడిగి తెలుసుకోండి.