బెజవాడలో పార్సిల్ డెలివరీకి కొత్తగా చేరుతున్నారా? మూడు హబ్బుల మీద నా రివ్యూ

చేరేటప్పుడు వెండర్ (కంపెనీ తరఫున మనల్ని పనిలో పెట్టుకునే కాంట్రాక్టరు) ఆఫీసులో ముందు అడిగే మాట "ఏ హబ్ కావాలి తమ్ముడూ, వన్‌టౌనా, సింగ్‌నగరా, ఆటోనగరా" అని. హబ్ అంటే లారీలో వచ్చిన పార్సిళ్ళు దింపి మనకి పంచే చోటు. కొత్తగా వచ్చినవాళ్ళు చాలామంది ఇంటికి ఏది దగ్గరైతే అది చెప్పేస్తారు, లేదంటే పార్సిల్‌కి రెండు రూపాయలు ఎక్కడ ఎక్కువిస్తే అక్కడికి పోతారు. ఆ రెండూ చూసి హబ్ తీసుకోవద్దు, ఏ రూట్‌లో పడతారో అది చూసి తీసుకోండి అని చెప్పడానికే ఇంత రాస్తున్నా. కంపెనీ పేరు రాయట్లేదు, ఏ కంపెనీ అయినా హబ్ నడిచే తీరు ఇంచుమించు ఇలాగే ఉంటుంది, పైగా మనం తిరిగేది ఆ ఏరియాల్లోనే కదా. నాది బైకు, వీపుకి బ్యాగు ముందు ఒక మూట పెట్టుకుని తిరిగే పని, వ్యాన్ వాళ్ళ లెక్క వేరు. ఈ మూడు హబ్బుల్లోనూ చేశాను, ఇప్పుడు ఆటోనగర్‌లో ఉన్నా.

ముందు డబ్బుల సంగతి. సిటీ రూట్‌కి పార్సిల్‌కి 14 ఇస్తున్నారు, కంకిపాడు దాటి ఉయ్యూరు వైపు ఊళ్ళకి 16 ఇస్తున్నారు అనుకోండి. వినగానే 16 బాగుంటుంది. కానీ ఊళ్ళ రూట్‌లో రోజుకి 45 పడితే గొప్ప, అంటే 720, దానికి తిరగాల్సింది 70 కిలోమీటర్లు. లోడుతో బండి 40 ఇస్తే అదృష్టం, పెట్రోలు లీటరు 110 అనుకుంటే 190 పెట్రోలుకే పోయింది, చేతిలో 530. అదే సిటీ రూట్, పటమటలో 60 పార్సిళ్ళు పడితే 840, తిరిగేది 25 కిలోమీటర్లు, పెట్రోలు 70, మిగిలేది 770. ఇందులో టైరు, చైన్ స్ప్రాకెట్, ఆయిల్ మార్చడం ఏదీ కలపలేదు, అవి కూడా కిలోమీటర్ల మీదే కదా అరిగేది. అందుకని రేటు తర్వాత అడగండి, హబ్ నుంచి మొదటి డ్రాప్ (పార్సిల్ ఇచ్చే చోటు) ఎంత దూరం, డ్రాప్‌కీ డ్రాప్‌కీ మధ్య ఎంత దూరం, అది ముందు అడగండి.

వన్‌టౌన్ హబ్. ఇది కొత్తోళ్ళకి చాలా కష్టం, కానీ అక్కడ మనుషులు బంగారం. కిందంతా మార్కెట్, కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల, వస్త్రలత, ఇస్లాంపేట, షాపులన్నీ పదిన్నరకి గానీ తెరవరు, తెరిచాక బండి పెట్టడానికి చోటు ఉండదు, పెట్టి లోపలికెళ్ళి వచ్చేలోపు ట్రాఫిక్ వాళ్ళు ఫోటో తీసేస్తారు. పైనంతా కొండ. చిట్టినగర్, విద్యాధరపురం వైపు కొండమీద ఇళ్ళకి మెట్లే దారి, బండి కింద వదిలేసి ఎక్కాల్సిందే, బండి మీద ఉన్న మిగతా పార్సిళ్ళకి కాపలా ఎవరు అనేది ఇంకో టెన్షన్. అడ్రస్‌లో డోర్ నంబర్ ఉంటుంది గానీ దాంతో పనవదు, "రామాలయం పక్క నుంచి మూడో మెట్ల దారి, నీళ్ళ ట్యాంకు కింద" అంటే అప్పుడు దొరుకుతుంది. మ్యాప్ మనల్ని కొండకి అవతలి వైపు నిలబెడుతుంది, గీత మీద చూస్తే యాభై అడుగులే, వెళ్ళాలంటే సొరంగం నుంచి చుట్టూ తిరిగి రావాలి. ఒక మామ్మగారైతే నేను హారన్ కొట్టగానే గోడ మీద నుంచి తాడు కట్టిన ప్లాస్టిక్ బుట్ట దించేవారు, అందులో సీఓడీ (పార్సిల్ అందాక ఇచ్చే క్యాష్) డబ్బులు సరిగ్గా చిల్లరతో సహా గుడ్డలో మూటకట్టి ఉండేవి, పార్సిల్ పెడితే పైకి లాక్కునేవారు, ఓటీపీ పైనుంచే గట్టిగా చదివేవారు. ఎండాకాలంలో అదే బుట్టలో మజ్జిగ సీసా వచ్చేది. ఇలాంటి ఇళ్ళు తెలియాలంటే నెలలు పడుతుంది, అప్పటిదాకా కన్వర్షన్ (తీసుకెళ్ళినవాటిలో ఎన్ని ఇచ్చామనే లెక్క) తక్కువుందని టీఎల్, అంటే టీమ్ లీడర్, రోజూ సతాయిస్తాడు.

ఇంకోటి, దసరా. అన్నిటికంటే పెద్ద ఆన్‌లైన్ సేల్స్ దసరా ముందు, దసరాలోనే పడతాయి, లోడు రెండింతలు వస్తుంది, సరిగ్గా అప్పుడే ఇంద్రకీలాద్రికి వచ్చే భక్తుల కోసం వన్‌టౌన్ రోడ్లన్నీ డైవర్షన్లు పెట్టేస్తారు, మూలా నక్షత్రం రోజైతే బండి కదలదు. సంవత్సరంలో నాలుగు డబ్బులు వచ్చే పది రోజులు ఇక్కడ మాత్రం పెండింగ్‌లోనే పోతాయి. జక్కంపూడి కాలనీ కూడా ఈ హబ్‌కే వస్తుంది, లిఫ్టులు లేని బ్లాకులు, మూడో అంతస్తులో రిటర్న్ పికప్ (కస్టమర్ వాపసు ఇచ్చేది తెచ్చుకోవడం) అంటే ఎక్కేది దిగేది రెండూ మనమే, ఆ రిటర్న్‌కి ఇచ్చేది డెలివరీ కంటే తక్కువ.

వానాకాలం మాట కూడా చెప్పాలి. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండరాళ్ళు ఇళ్ళ మీద పడి మనుషులు పోయారు. కొండ వాలు రూట్ ఏదైనా సరే, గట్టి వాన పడ్డప్పుడు పైకి ఎక్కొద్దు, కస్టమర్‌కి ఫోన్ చేసి రేపు తెస్తానండీ అని చెప్పండి, వాళ్ళే అర్థం చేసుకుంటారు.

మర్నాడే, సెప్టెంబరు 1న, బుడమేరు వాగు సింగ్‌నగర్‌ని ముంచింది. సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, రాజీవ్‌నగర్, రోజుల తరబడి నీళ్ళలోనే ఉన్నాయి. నేను ఆ హబ్‌కి వెళ్ళింది తర్వాత, అక్కడి సీనియర్లు మాత్రం ఇప్పటికీ ఆగస్టు వచ్చిందంటే బండి పేపర్లు ఇంట్లో పై అటకమీదే పెడతారు, నీళ్ళలో మునిగిన బండి ఇంజను బాగు చేయించుకోవడానికి అప్పులు చేసినవాళ్ళున్నారు. అది పక్కన పెడితే సింగ్‌నగర్ రూట్ మంచిదే. చదునైన నేల, ఇల్లూ ఇల్లూ ఆనుకుని ఉంటాయి, జనం వాకిట్లోనే ఉంటారు, ఒకళ్ళు లేకపోతే పక్కింటి అక్క తీసుకుంటుంది. ఎక్కువ సీఓడీ, చిన్న చిన్న ఆర్డర్లు, సాయంత్రానికి జేబులో పది ఇరవై నోట్లు బోలెడు పోగవుతాయి, హబ్‌లో లెక్క అప్పజెప్పేటప్పుడు తక్కువొస్తే మన జేబులోంచే కట్టాలి, కాబట్టి ప్రతి డ్రాప్ దగ్గర నిలబడి లెక్కపెట్టుకోండి, మొహమాటపడొద్దు. క్యూఆర్ స్కాన్ చేయమని బతిమాలుకోండి.

ఆటోనగర్ హబ్ కిందకి పటమట, కానూరు, తాడిగడప, పోరంకి వస్తాయి, పైన చెప్పిన ఉయ్యూరు వైపు ఊళ్ళు కూడా. పటమట అపార్ట్‌మెంట్లలో ఒక గేటు దగ్గర ఆగితే ఏడెనిమిది పార్సిళ్ళు ఖాళీ అవుతాయి. వాచ్‌మన్‌తో మంచిగా ఉండండి, ఆయన పేరు అడగండి, వాళ్ళ పిల్లలు ఏం చదువుతున్నారో అడగండి, ఫ్లాట్‌లో మనిషి ఉన్నాడో లేడో మీరు పైకెళ్ళకముందే చెప్పేది ఆయనే. కొన్ని చోట్ల మమ్మల్ని లిఫ్టు ఎక్కొద్దంటారు, బియ్యం బస్తా తెప్పించుకుని నాలుగో ఫ్లోర్‌కి మెట్లెక్కి రమ్మంటారు, ఇది చాలా అన్యాయం అండీ, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్ళు ఎవరైనా చదువుతుంటే దయచేసి ఆలోచించండి.

కానూరులో ఇంజనీరింగ్ కాలేజీలు, హాస్టళ్ళు. మధ్యాహ్నం భోజనాల టైముకి గేటు దగ్గర వేపచెట్టు కింద బండి ఆపి, పేర్లు కనపడేలా పార్సిళ్ళు సీటు మీద వరుసగా పేర్చుకుంటే చాలు, పిల్లలే వచ్చి "అన్నా నాది వచ్చిందా" అని వెతుక్కుని తీసుకుంటారు, గంటలో సగం బ్యాగ్ అయిపోతుంది. రిటర్నులు కూడా వాళ్ళవే ఎక్కువ, డ్రెస్సు వేసి చూసి నచ్చలేదంటారు. మే నెలలో కాలేజీలు మూసేస్తే లోడు ఢమాల్న పడిపోతుంది, ఆ నెలకి ఇంటి అద్దె ముందే దాచుకోండి.

ఇక ఏ హబ్ అయినా, చేరకముందు ఒకరోజు పొద్దున్నే ఆరున్నర ఏడింటికి వెళ్ళి గేటు బయట నిలబడండి. లోడు లారీ ఎన్నింటికి వస్తుందో చూడండి, ఇది ఎవరూ చెప్పరు గానీ ఇదే అన్నిటికంటే పెద్ద విషయం. లారీ వరసగా హబ్బుల్లో దింపుకుంటూ వస్తుంది, మీ హబ్ చివర్లో ఉంటే తొమ్మిదింటికి దింపి, సార్టింగ్ అయ్యి, స్కాన్ కొట్టుకుని మీరు బయటపడేసరికి పదకొండు, బెజవాడ ఎండలో పదకొండుకి మొదలుపెట్టడం అంటే ఏంటో చెప్పక్కర్లేదు. తర్వాత రిటర్న్ ర్యాక్ (ఇవ్వలేక వెనక్కి తెచ్చిన పార్సిళ్ళు పెట్టేది) వైపు చూడండి, నిండి పొర్లుతోంది అంటే ఆ ఏరియాలో అడ్రస్‌లైనా దొరకట్లేదు, బాయ్స్ అయినా నిలవట్లేదు. అక్కడున్న బాయ్స్‌తో టీ తాగుతూ మాట్లాడండి, "నేను ఎవరి ప్లేసులోకి వస్తున్నా, ఆయన ఏ రూట్ చేసేవాడు, ఎందుకు మానేశాడు" అని సూటిగా అడగండి. ఎందుకంటే మంచి రూట్లు పాతవాళ్ళ దగ్గర ఉంటాయి, కొత్తోడికి వచ్చేది మానేసినవాడి రూట్. ఆటోనగర్ హబ్ అని సంతోషంగా చేరితే ఉయ్యూరు రూట్ చేతిలో పెట్టొచ్చు, అప్పుడు హబ్ పేరు దేనికీ పనికిరాదు. పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా, యాక్సిడెంట్ అయితే ఎవరు చూస్తారు అనేది కూడా అప్పుడే కాగితం మీద చూపించమనండి.

నా మార్కులు: వన్‌టౌన్‌కి 5కి రెండున్నర, సింగ్‌నగర్‌కి మూడు, ఆటోనగర్‌కి నాలుగు. ఆటోనగర్‌కి ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానంటే హబ్ చుట్టూ లారీల దుమ్ము, లోపల సరైన బాత్రూమ్ లేదు, సార్టింగ్ చేసే అమ్మాయిలు కూడా ఉన్నారక్కడ. చిట్టినగర్ సందుల్లో పుట్టి పెరిగిన కుర్రాడైతే మాత్రం నా రెండున్నర పట్టించుకోవద్దు, ఏ మెట్లదారి ఎక్కడికి పోతుందో తెలిసినవాడికి వన్‌టౌన్‌లో ఎవరూ పోటీ రాలేరు.